జెట్ లోపల ఏముంది?
(కణ భౌతిక శాస్త్రంలో ఒక తొలి పాఠం)



ఈ పాఠానికి కావలసిన ముందు జ్ఞానం చాలా తక్కువ. ఇంటర్ మొదటి సంవత్సరం భౌతిక శాస్త్రంలో సదిశలు, అభిఘాతాలు చదివినవారికి ఇందులోని లెక్కలన్నీ అందుతాయి. పదో తరగతి లోపు వాళ్ళు లెక్క వచ్చిన చోట దాటేసి ముందుకు వెళ్ళండి. రాత్రి స్టడీ అవర్లో పక్క గదిలోని అన్నయ్య చేతనో అక్కయ్య చేతనో ఆ రెండు మూడు లెక్కలు తరువాత చెప్పించుకోవచ్చు.

జెట్ అనగానే మనకు విమానం గుర్తుకొస్తుంది. ఇక్కడ ఆ అర్థం కాదు. నీళ్ళ పైపు మూతికి వేలు అడ్డం పెడితే నీళ్ళు ఒకే దిక్కుకు చిమ్ముతాయి చూడండి, ఆ చిమ్మడం లాంటిది. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ దేశాల సరిహద్దులో, జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ నేల అడుగున సుమారు 100 మీటర్ల లోతులో, 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో లార్జ్ హాడ్రాన్ కొలైడర్ అనే యంత్రం ప్రోటాన్లను దాదాపు కాంతి వేగంతో ఎదురెదురుగా ఢీ కొట్టిస్తుంది. ప్రోటాన్ల లోపల క్వార్కులు, గ్లూవాన్లు ఉంటాయని మీరు వినే ఉంటారు. ఆ తాకిడిలో ఒక క్వార్కు బయటికి ఎగిరిందనుకోండి. క్వార్కు ఒంటరిగా ఉండలేదు. ఎగిరే దారిలోనే గ్లూవాన్లను విదిలిస్తుంది. అవి మళ్ళీ చీలతాయి. చివరికి అన్నీ జతకట్టి పయాన్లు, కేయాన్లు, ప్రోటాన్లు వంటి కణాలుగా మారి ఒకే దిక్కుకు గుంపుగా దూసుకుపోతాయి. ఆ గుంపే జెట్. డిటెక్టరుకు క్వార్కు ఎప్పటికీ కనపడదు, ఈ గుంపే కనపడుతుంది.

ఇలాంటి గుంపులు ఉన్నాయనడానికి 1975లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మొదటి ఆధారాలు దొరికాయి. 1979లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఒకే తాకిడిలో మూడు జెట్లు కనిపించాయి. ఆ మూడోది గ్లూవాన్‌ది. అప్పటి నుంచి చాలా ఏళ్ళు శాస్త్రవేత్తలు జెట్‌ను ఒక మూసిన పెట్టెగానే చూశారు. దాని శక్తి ఎంత, అది ఏ దిక్కుకు పోయింది, అంతే.

మదనపల్లె టమోటా మార్కెట్‌కు వెళ్ళిన వాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. కొనేవాడు క్రేటు బరువు ఒక్కటే చూసి ధర చెప్పడు. పైన ఎర్రగా నిగనిగలాడే కాయలు పేర్చి ఉంటాయని వాడికి తెలుసు. క్రేటును బోర్లించి, అడుగున ఏముందో చూసి, అప్పుడు పాట పెంచుతాడు. జెట్‌ను కూడా అలా బోర్లించి చూడటాన్నే జెట్ అంతర్నిర్మాణం చదవడం అంటారు. లోపల కణాలు ఎలా పరుచుకుని ఉన్నాయి? ఒక్క గుత్తిగానా, రెండు గుత్తులుగానా, మూడుగానా? ఆ పరుచుకునే తీరును బట్టి జెట్‌కు జన్మనిచ్చిన కణం ఏదో చెప్పడమే మన పని.

అసలు పాఠంలోకి పోయే ముందు మన పక్క ఊరి సంగతి ఒకటి చెప్పాలి. కణ భౌతిక శాస్త్రం అంటే ఎక్కడో జెనీవాలో జరిగేది అనుకుంటాం. కుప్పంలో రైలెక్కి బంగారుపేటలో దిగితే కోలారు బంగారు గనులు దగ్గరే. మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ గనుల్లో పనిచేశాయి. ఆ గనుల్లో బంగారంతో పాటు కణాల వేట కూడా సాగింది. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల మ్యూవాన్ అనే కణాలు నేల మీద ఎప్పుడూ కురుస్తూనే ఉంటాయి. మీ అరచేతి గుండా నిమిషానికి సుమారు నూరు దూసుకుపోతాయి. ఈ హోరులో న్యూట్రినో వంటి అరుదైన కణం జాడ పట్టడం ఎలా? టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు పరికరాలను గనిలోకి దించారు. చాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున, పైనున్న రాయి అంతా జల్లెడలా పనిచేసి మామూలు మ్యూవాన్లను దాదాపు పూర్తిగా ఆపేసింది. జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయాల వారితో కలిసి 1965లో అక్కడ వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను పట్టుకున్నారు. ప్రపంచంలో ఇటువంటి మొదటి పరిశీలనల్లో అది ఒకటి. ఆ పరిశోధన పత్రం మీద ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంటన్, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి వంటి వారి పేర్లున్నాయి. గనులు 2001లో మూతపడ్డాయి.

కోలారులో హోరును రాయి వడకట్టింది. కొలైడర్‌లో ఆ సౌకర్యం లేదు. ఇక్కడ హోరు బయటి నుంచి రాదు, మనకు కావలసిన కణం పుట్టిన చోటే, అదే క్షణంలో, అదే జెట్‌లో కలిసిపోయి వస్తుంది. ప్రోటాన్లను గుంపులు గుంపులుగా పంపుతారు కాబట్టి రెండు గుంపులు ఒకసారి ఎదురుపడితే ఒక్క తాకిడి కాదు, ఇటీవలి సంవత్సరాల్లో 30 నుంచి 60 తాకిడుల దాకా ఒకేసారి జరుగుతున్నాయి. వాటన్నిటి చెత్తా మన జెట్ మీద పడుతుంది. ఎంత లోతుకు తవ్వినా దీన్ని తప్పించుకోలేం. అందుకని రాయి చేసిన పనిని ఇక్కడ లెక్క చేయాలి. ఆ లెక్క ఏమిటో ఇప్పుడు చూద్దాం.

కణాల శక్తిని గిగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. పొట్టిగా జీఈవీ అందాం. ద్రవ్యరాశికి కూడా అదే కొలత వాడతారు. ప్రోటాన్ ద్రవ్యరాశి 1 జీఈవీకి కొద్దిగా తక్కువ. డబ్ల్యూ బోసాన్ 80, జెడ్ బోసాన్ 91, హిగ్స్ బోసాన్ 125, టాప్ క్వార్కు సుమారు 173 జీఈవీ. ఈ బరువైన కణాలేవీ డిటెక్టర్ దాకా బతికి రావు. పుట్టగానే విఘటనం చెందుతాయి. హిగ్స్ ఎక్కువగా ఒక బాటమ్ క్వార్కు, ఒక బాటమ్ ప్రతి క్వార్కుగా విడిపోతుంది.

హిగ్స్ నిశ్చలంగా ఉండి విడిపోతే రెండు ముక్కలూ ఎదురెదురు దిక్కులకు పోతాయి. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం అంతకన్నా గత్యంతరం లేదు. అప్పుడు రెండు విడి జెట్లు వస్తాయి. అదే హిగ్స్ చాలా వేగంగా పోతూ విడిపోతే? పరుగెత్తే లారీ మీద నుంచి ఇద్దరు చెరో పక్కకు బంతులు విసిరితే రెండు బంతులూ లారీ పోయే దిక్కుకే వంగి పోతాయి కదా. అలాగే రెండు ముక్కలూ దగ్గర దగ్గరగా ముందుకు పోతాయి. వాటి నుంచి వచ్చే కణాలన్నీ ఒకే పెద్ద జెట్‌లో పడతాయి. పైనుంచి చూస్తే అది మామూలు క్వార్కు జెట్ లాగే ఉంటుంది. లోపల మాత్రం రెండు గుత్తులుంటాయి.

ఎంత దగ్గరగా? దీనికి సూత్రం మనమే రాబట్టవచ్చు. ముక్కల వేగం కాంతి వేగానికి చాలా దగ్గర కాబట్టి ఒక్కో ముక్క శక్తినీ ద్రవ్యవేగాన్నీ సమానంగా తీసుకోవచ్చు. తల్లి కణం ద్రవ్యరాశి వర్గం అంటే మొత్తం శక్తి వర్గంలో నుంచి మొత్తం ద్రవ్యవేగం వర్గాన్ని తీసివేయగా వచ్చేది. ద్రవ్యవేగాలను కలపడానికి సమాంతర చతుర్భుజ నియమం వాడండి. కోణం చిన్నదైనప్పుడు మిగిలేది ఇంత సులభం:

ద్రవ్యరాశి² = శక్తి1 × శక్తి2 × కోణం² (సుమారుగా; కోణం రేడియన్లలో)

ఇప్పుడు 500 జీఈవీ ద్రవ్యవేగంతో పోయే హిగ్స్ రెండు సమాన ముక్కలయిందనుకుందాం. ఒక్కోదానికి 250. అప్పుడు కోణం² = 125² ÷ (250 × 250) = 0.25. కోణం 0.5 రేడియన్, అంటే 29 డిగ్రీలకు కొంచెం తక్కువ. సమాన భాగాలైనప్పుడు ఈ సూత్రం ఇంకా చిన్నదవుతుంది. కోణం = 2 × ద్రవ్యరాశి ÷ ద్రవ్యవేగం. ఈ ఒక్క వాక్యం కంఠస్థం చేసుకుంటే ఈ రంగంలో సగం మాటలు అర్థమవుతాయి.

సెర్న్‌లోని అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాల్లో మామూలు జెట్‌ను 0.4 వ్యాసార్థంతో పోగు చేస్తారు. లోపల చూడవలసిన పెద్ద జెట్లకు సీఎంఎస్ వారు 0.8, అట్లాస్ వారు 1.0 తీసుకుంటారు. మన హిగ్స్ ముక్కల మధ్య దూరం 0.5 కాబట్టి రెండూ అంత పెద్ద జెట్‌లో సుఖంగా ఇమిడిపోతాయి. అయితే సరే, పెద్ద జెట్ తీసుకుని, లోపలి కణాల శక్తులూ కోణాలూ కూడి ద్రవ్యరాశి లెక్కకట్టి, 125 వచ్చిందంటే హిగ్స్ అనేద్దామా?

తొందరపడకూడదు. ఇంకో లెక్క చేయండి. మామూలు క్వార్కు జెట్ ఒకటి, మొత్తం 500 జీఈవీ. అందులో 475 నడుమ ముద్దగా ఉంది. 25 మాత్రం ఒక గ్లూవాన్ రూపంలో 0.8 రేడియన్ దూరంగా, అంచున పడింది. సూత్రంలో పెడితే 475 × 25 × 0.64 = 7600. వర్గమూలం సుమారు 87. డబ్ల్యూ 80, జెడ్ 91! ఏ బరువైన కణమూ లేకుండానే, ఇరవయ్యో వంతు శక్తి ఉన్న చిన్న తునక దూరంగా పడినందుకు డబ్ల్యూకూ జెడ్‌కూ నడుమ ఒక దొంగ ద్రవ్యరాశి పుట్టింది. ఇలాంటి మామూలు జెట్లు అసలైన వాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. జెట్ అంతర్నిర్మాణంలోని కష్టమంతా ఈ ఒక్క లెక్కలో ఉంది. అందుకే దీన్ని దాటేయకుండా స్వయంగా ఒకసారి చేయమంటున్నాను.

దీనికి మందు మన ఇళ్ళల్లో ఉన్నదే. చెనిక్కాయలు ఒలిచాక అమ్మ చేటలో పోసి చెరుగుతుంది. పొట్టు ఎగిరిపోతుంది, గింజ నిలుస్తుంది. జెట్‌ను కూడా చెరగాలి. చెరగడానికి ఏది పొట్టో, ఏది గింజో చెప్పే నియమం కావాలి. ఆ నియమం ఇలా ఉంటుంది. జెట్‌లోని కణాల్లో కోణంలో అన్నిటికన్నా దగ్గరగా ఉన్న జంటను ముందు కలుపుతారు. తరువాత దగ్గరి జంటను, ఆ తరువాత ఇంకో జంటను, ఇలా అన్నీ ఒక్కటయ్యే దాకా. కేంబ్రిడ్జ్, ఆఖెన్ పట్టణాల పేర్లతో పిలిచే పద్ధతి ఇది. ఇప్పుడు మన చేతిలో ఒక వంశవృక్షం ఉన్నట్టే. దాన్ని వెనక్కి తిప్పుతారు. చివర కలిసిన జంటను మొదట విడదీసి, రెండింటిలో చిన్నదాని వాటా ఎంతో చూస్తారు. పదో వంతుకన్నా తక్కువా? అది పొట్టు, పారేయడమే. పెద్ద ముక్కను పట్టుకుని దాన్ని మళ్ళీ విడదీస్తారు. చిన్న ముక్క వాటా పదో వంతు దాటిన చోట ఆగుతారు. అక్కడ మిగిలిన జంట అసలైన గింజ.

పై రెండు లెక్కలను ఈ చేటలో పోసి చూడండి. దొంగ జెట్‌లో చిన్న ముక్క వాటా 25 ÷ 500 = 0.05. పదో వంతులోపు, ఎగిరిపోయింది. దానితో పాటే 87 జీఈవీ కూడా పోయింది. హిగ్స్ జెట్‌లో వాటా 0.5. కదలకుండా నిలిచింది. బరువైన కణం తన ముక్కలకు ఇంచుమించు సమంగా పంచుతుంది. క్వార్కు మాత్రం పిసినారి. ఎక్కువంతా తన దగ్గరే పెట్టుకుని గ్లూవాన్లకు చిల్లర విదిలిస్తుంది. ఈ స్వభావ భేదం మీదే చెరగడం పనిచేస్తుంది. బయటి తాకిడుల చెత్త కూడా చిల్లరే కాబట్టి అదీ చాలావరకు పోతుంది.

ఈ ఆలోచనకు బలం వచ్చింది 2008లో. బటర్‌వర్త్, డేవిసన్, రూబిన్, సలామ్ అనే నలుగురు రాసిన ఒక చిన్న పత్రం అందుకు కారణం. అంతకు ముందు హిగ్స్ బాటమ్ క్వార్కులుగా విడిపోయే దారిని లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో పట్టుకోవడం దాదాపు అసాధ్యమని వదిలేశారు. నూరు హిగ్స్‌లలో సుమారు 58 ఆ దారినే పోతాయి. అంత పెద్ద భాగాన్ని చెత్తబుట్టలో వేసినట్టే. వేగంగా పోయే హిగ్స్‌లను మాత్రమే తీసుకుని, పెద్ద జెట్‌ను విడదీసి చెరిగితే ఆ దారి మళ్ళీ తెరుచుకుంటుందని ఈ నలుగురూ చూపించారు. తరువాత కత్తిరించే పద్ధతులు, కొమ్మలు నరికే పద్ధతులు ఎన్నో వచ్చాయి. నేను పైన చెప్పిన నియమం 2013, 2014 సంవత్సరాల్లో స్థిరపడిన రూపం. దాన్ని సాఫ్ట్ డ్రాప్ అంటారు. నా దృష్టిలో వీటన్నిటిలో అదే అందమైనది, ఎందుకంటే దాని ఫలితాన్ని కాగితం మీద కూడా లెక్కకట్టవచ్చు.

ద్రవ్యరాశి సరిచూసుకున్నాక కూడా పని అయిపోదు. పుంగనూరు ఆవును చూడని వాళ్ళు మనలో ఉండరు. మూడడుగుల లోపే ఎత్తు. ఎత్తు ఒక్కటే కొలిస్తే వేరే జాతి దూడకూ దానికీ తేడా తెలియదు. పళ్ళు చూడాలి, కొమ్ములు చూడాలి, పొదుగు చూడాలి. అలాగే జెట్‌లో ద్రవ్యరాశి తరువాత గుత్తులు ఎన్నో చూడాలి. 2010-11లో థేలర్, వాన్ టిల్‌బర్గ్ దీనికి ఒక కొలత చెప్పారు. జెట్ గుండా ఒక గీత ఊహించుకోండి. ప్రతి కణం వాటాను, గీత నుంచి అది ఉన్న దూరంతో గుణించి అన్నీ కూడండి. తరువాత రెండు గీతలు ఊహించుకుని, ప్రతి కణానికీ దగ్గరి గీత నుంచి దూరం తీసుకుని మళ్ళీ కూడండి. రెండో మొత్తాన్ని మొదటి దానితో భాగించండి.

హిగ్స్ జెట్‌లో ఒకే గీత నడిమధ్యన పోతే రెండు గుత్తులూ దానికి 0.25 దూరంలో ఉంటాయి. మొత్తం 0.25. రెండు గీతలు పెడితే ఒక్కో గుత్తి లోపలి చెదురు మాత్రమే మిగులుతుంది. అది 0.03 అనుకుందాం. నిష్పత్తి 0.12. మన దొంగ జెట్‌లో నడిమి ముద్ద గుండా గీత గీస్తే అంచు తునక 0.05 × 0.8 = 0.04 ఇస్తుంది, ముద్ద చెదురు 0.03 ఇస్తుంది, కలిపి 0.07. రెండు గీతలకు 0.03. నిష్పత్తి 0.43. నిష్పత్తి చిన్నదైతే రెండు గుత్తులు నిజంగా ఉన్నట్టు. టాప్ క్వార్కుకు మూడు గుత్తులుంటాయి కాబట్టి అక్కడ మూడు గీతల మొత్తాన్ని రెండు గీతల మొత్తంతో పోలుస్తారు. గ్లూవాన్ జెట్లు క్వార్కు జెట్లకన్నా వెడల్పుగా, ఎక్కువ కణాలతో ఉంటాయన్నది కూడా గుర్తుపెట్టుకోండి. దాని వివరం ఎమ్మెస్సీలో వస్తుంది.

ఈ మధ్య ఈ పనంతా కంప్యూటర్లకు నేర్పిస్తున్నారు. జెట్‌ను ఫొటోలాగా చూపించి గుర్తుపట్టమంటే మనం చెప్పిన కొలతలకన్నా అవి బాగానే చెబుతున్నాయి. మంచిదే. కానీ లోపలి సంగతి తెలియకుండా ఆ జవాబు రాసుకోవడం గైడు చూసి కాపీ కొట్టినట్టుంటుంది. మార్కులు వస్తాయి, అంతవరకే.

ఫలితాల మాటకొస్తే, 2012 జూలై 4న హిగ్స్ దొరికిందని ప్రకటించినప్పుడు దాన్ని పట్టించింది ఫోటాన్లు, లెప్టాన్ల అరుదైన దారులే. బాటమ్ క్వార్కుల దారి 2018లో ఖాయమైంది. అది కూడా ప్రధానంగా విడివిడి జెట్లతోనే. మరి చెరగడం వల్ల ఏమొచ్చింది అంటారేమో. అదే 2018లో సీఎంఎస్ వారు ఒకే జెట్‌లో ఒదిగిన జెడ్ బోసాన్ బాటమ్ జంటను ఈ పద్ధతితో మొదటిసారి స్పష్టంగా చూపించారు. అదే జెట్లలో హిగ్స్ జాడ అప్పటికి బలహీనంగానే ఉంది. కానీ జెడ్ కనపడిందంటే చేట సరిగ్గా పనిచేస్తున్నట్టు లెక్క. ఆ సీఎంఎస్ డిటెక్టర్‌లో, అయస్కాంతపు చుట్టను దాటి బయటపడే జెట్ల శక్తిని పట్టే భాగాన్ని టాటా ఇన్‌స్టిట్యూట్, చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం వారు మన దేశంలో తయారుచేసి పంపారు. 2017 నుంచి భారతదేశం సెర్న్‌కు అసోసియేట్ సభ్య దేశం.

ఇక డిగ్రీ చదివే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. ఈ చదువు పెద్ద నగరాల వాళ్ళది, మన తెలుగు మీడియం వాళ్ళకు కాదు అని ఒక అభిప్రాయం ఉంది. సీఎంఎస్ వారు 2014 నవంబరులో తమ 2010 నాటి తాకిడుల సమాచారాన్ని ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా తీసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టేశారు. తరువాత ఇంకా ఇచ్చారు. దాన్ని తీసుకుని, సీఎంఎస్‌లో సభ్యులు కాని ఒక చిన్న బృందం అమెరికాలోని ఎంఐటీ కేంద్రంగా 2017లో ఒక ఫలితం ప్రచురించింది. వాళ్ళు కొలిచింది ఏమిటో తెలుసా? పైన మనం చెరిగినప్పుడు మిగిలిన జంటలో చిన్న ముక్క వాటా! పదో వంతు నియమం పెట్టి జెట్లను విడదీసి, ఆ వాటా 0.1 నుంచి 0.5 దాకా ఎలా పరుచుకుందో గీసి, సిద్ధాంతం చెప్పినట్టే ఉందని చూపించారు. కావలసింది ఒక కంప్యూటరు, ఇంటర్నెట్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, కొంచెం ఓపిక. ఫైళ్ళు చాలా పెద్దవి, మొత్తం దించుకోవాలని చూడకండి. ఒక చిన్న భాగంతో మొదలుపెట్టండి. కాలేజీ ల్యాబ్‌లో ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తే ప్రాజెక్టుకు మంచి అంశం.

అభ్యాసానికి ఒక లెక్క: టాప్ క్వార్కు విఘటన ముక్కలన్నీ 1.0 వ్యాసార్థం గల ఒకే జెట్‌లో ఇమడాలంటే దానికి కనీసం ఎంత ద్రవ్యవేగం ఉండాలి? వ్యాసార్థం 0.8 అయితే ఎంత? కోణం = 2 × ద్రవ్యరాశి ÷ ద్రవ్యవేగం అన్న సూత్రం వాడండి. జవాబులు: సుమారు 346 జీఈవీ, సుమారు 433 జీఈవీ.